ఊరంతటికీ ఒకే చిరునామా

2024 డిసెంబర్ 8న టీ-ఫైబర్ ఇంటర్నెట్ సేవలు ప్రయోగాత్మకంగా మూడు ఊళ్లలో మొదలయ్యాయి. సంగారెడ్డి జిల్లా సంగుపేట, నారాయణపేట జిల్లా మద్దూరు, మూడోది మా పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్. నెలకు 300 రూపాయలకే ఇంటర్నెట్ అన్న మాట పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చింది. నా దృష్టి మాత్రం ఇంకో మాట మీద ఆగింది. ఇంట్లో ఉన్న టీవీనే కంప్యూటర్‌గా వాడుకోవచ్చన్నారు. తెర మన ఇంట్లో ఉంటుంది, అసలు కంప్యూటర్ దూరాన ఏదో డేటా సెంటర్‌లో నడుస్తుంది. భూమి వివరాలు చూసుకోవాలన్నా, పిల్లలు పోటీ పరీక్షకు దరఖాస్తు నింపాలన్నా విడిగా కంప్యూటర్ కొనక్కర్లేదు. పల్లెకు ఇది మంచి ఆలోచన. సాంకేతికంగా సులువైనది కూడా, ఎందుకంటే ఇక్కడ పిలుపు ఎప్పుడూ ఇంటి నుంచే బయటికి వెళ్తుంది. డేటా సెంటర్‌కు అందరికీ తెలిసిన చిరునామా ఉంటుంది, టీవీ దాన్ని పిలుస్తుంది, అది పలుకుతుంది.

దీన్ని తిరగేసి చూస్తే కథ మారిపోతుంది. కంప్యూటర్ మా జిల్లాలోని మంథనిలో ఉంది, దాన్ని చూడాల్సిన మనిషి ఊళ్లో లేడు. చదువుకుని ఊరు దాటడం మంథనికి కొత్త కాదు. వేదం చదివినవాళ్లు, వకాలత్ చదివినవాళ్లు, సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ కాలేజీ వచ్చాక ఇంజనీరింగ్ చదివినవాళ్లు, తరం తర్వాత తరం గోదావరి ఒడ్డు విడిచి పట్నానికో, అమెరికాకో వెళ్తూనే ఉన్నారు. వెనక ఇళ్లలో పెద్దవాళ్లు, వాళ్ల ముందు ఒక కంప్యూటర్. ప్రింటర్ పలకదు, పెన్షన్ కాగితం అప్‌లోడ్ కాదు, పంచాంగం టైపు చేసిన ఫైలు తెరుచుకోదు. అప్పుడు ఫోన్ మోగుతుంది. “బాపూ, తెర మీద తొమ్మిదంకెల నంబరు కనబడుతుందా? ఒక్కొక్కటి మెల్లగ చదువు.” బాపు చదువుతాడు, కొడుకు హైదరాబాద్‌లో కూర్చుని ఆ తెరను తన తెర మీదికి తెచ్చుకుంటాడు. కొన్నిసార్లు చేయి కదిపినంత చురుగ్గా పని జరుగుతుంది. కొన్నిసార్లు మౌస్ కదిపిన చాలాసేపటికి బాణం గుర్తు కదులుతుంది, బొమ్మ మసకబారుతుంది, మధ్యలో తెగిపోతుంది. నెట్ బాగా లేదని ఇద్దరూ అనుకుంటారు. చాలాసార్లు నెట్ బాగానే ఉంటుంది. చిక్కు చిరునామాల దగ్గర ఉంటుంది.

పాత శుభలేఖల్లో ఫోన్ నంబరు పక్కన పి.పి. అని అచ్చువేసేవాళ్లు. ఆ ఫోన్ తమది కాదు, పక్కింటివాళ్లదో వీధిలోని దుకాణానిదో అని దాని అర్థం. అక్కడికెళ్లి ఎవరికైనా ఫోన్ చేసుకోవచ్చు. బయటివాళ్లు మాత్రం మన కోసం ఫోన్ చేస్తే దుకాణదారు ఎత్తి, ఎవరి కోసమో కనుక్కుని, మనిషిని పంపి పిలిపించాలి. నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, కుదించి నాట్ అనేది, ఇలాగే పనిచేస్తుంది. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీలు 192.168తో మొదలయ్యే సొంత చిరునామాలు పెట్టుకుంటాయి. అవి ఇంటి గడప దాటితే చెల్లవు. బయటికి వెళ్లే ప్రతి ప్యాకెట్ మీద రౌటర్ తన చిరునామా వేసి, ఒక పోర్టు నంబరు తగిలించి, ఏది ఎవరిదో పట్టికలో రాసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఆ పట్టిక చూసి లోపలి యంత్రానికి అందిస్తుంది. పిలవకుండా బయటి నుంచి వచ్చినదానికి పట్టికలో చోటుండదు కాబట్టి దాన్ని వదిలేస్తుంది.

1994 మేలో కెల్డ్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ ఈ పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే పత్రంలో ప్రతిపాదించినప్పుడు దీన్ని స్వల్పకాలపు పరిష్కారమనే చెప్పారు. ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్న చిరునామాలు మొత్తం 429 కోట్లు. 1981లో అవి తరగని నిధిలా కనబడ్డాయి. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కోశాగారంలో చివరి కట్టలు పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15న ఆసియా-పసిఫిక్ ప్రాంతపు రిజిస్ట్రీ కూడా చివరి కట్టకు వచ్చి రేషన్ మొదలుపెట్టింది. ఏడాది తర్వాత, 2012 ఏప్రిల్‌లో, సర్వీసు కంపెనీలు తమ వైపు ఇంకో పొర నాట్ పెట్టుకోవడానికి 100.64తో మొదలయ్యే దాదాపు 42 లక్షల చిరునామాలను విడిగా కేటాయించారు. దాన్నే సీజీనాట్ అంటున్నారు. ఇంట్లో ఒక మార్పిడి, కంపెనీ దగ్గర ఇంకో మార్పిడి. మొదటిదాని మీద మనకు అధికారం ఉంది, రౌటర్ పేజీ తెరిచి కావలసిన పోర్టును కంప్యూటర్‌కు కేటాయించుకోవచ్చు. రెండోదాని మీద లేదు. ఈ తేడాయే ఈ వ్యవహారానికంతా కీలకమని నా అభిప్రాయం. నాట్‌ను మొత్తంగా మెచ్చుకునేవాళ్లూ మొత్తంగా తిట్టేవాళ్లూ ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు.

రెండు నాట్‌ల వెనక ఉన్న రెండు కంప్యూటర్లు నేరుగా ఎలా కలుస్తాయి? ఇద్దరికీ తెలిసిన మూడో సర్వర్ ఒకటి కావాలి. మంథని కంప్యూటర్ దాన్ని పిలుస్తుంది, హైదరాబాద్ కంప్యూటర్ కూడా పిలుస్తుంది. ఏ పిలుపు ఏ బహిరంగ చిరునామా నుంచి, ఏ పోర్టు నుంచి వచ్చిందో సర్వర్‌కు కనబడుతుంది. ఒకరి వివరం ఇంకొకరికి చెబుతుంది. ఆ వెంటనే రెండు వైపుల నుంచీ ఒకేసారి ఎదుటివారి చిరునామాకు ప్యాకెట్లు బయల్దేరతాయి. మంథని నుంచి వెళ్లిన ప్యాకెట్ వల్ల మంథని రౌటర్ పట్టికలో ఒక గీత పడుతుంది, హైదరాబాద్‌లోనూ అంతే. తర్వాత వచ్చే ప్యాకెట్ రౌటర్‌కు జవాబులాగే కనబడుతుంది, లోపలికి పోనిస్తుంది. ఇక సర్వర్ పక్కకు తప్పుకుంటుంది. ఎంతో తెలివైన ఉపాయం ఇది. మొదట దీన్ని ఎవరూ ప్రమాణంగా రాసిపెట్టలేదు, ఆటలవాళ్లు, ఫోన్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు వాడుతూ వాడుతూ నలిగిన దారి. 2005లో బ్రయాన్ ఫోర్డ్, పైడా శ్రీసురేష్, డాన్ కెగెల్ దీన్ని కొలిచి చూపించారు. వాళ్లకు అందిన ఫలితాల్లో డేటా పంపే రెండు పద్ధతుల్లో యూడీపీలో 82 శాతం నాట్‌లు, టీసీపీలో 64 శాతం నాట్‌లు ఈ ఉపాయానికి లొంగాయి. వీరిలో శ్రీసురేష్ అంతకుముందే, 1999లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2663లో నాట్ రకాలకు పేర్లు, నిర్వచనాలు స్థిరపరచిన ఇద్దరిలో ఒకరు.

మిగతా 18 శాతం ఎందుకు లొంగలేదన్నదే అసలు ప్రశ్న. కొన్ని నాట్‌లు ఒక కంప్యూటర్‌కు ఒక పోర్టు ఇస్తే, ఆ కంప్యూటర్ ఎవరితో మాట్లాడినా అదే పోర్టును కొనసాగిస్తాయి. సర్వర్‌కు కనబడిన పోర్టే కొడుకు కంప్యూటర్‌కూ పనికొస్తుంది, కాబట్టి ఉపాయం పారుతుంది. ఇంకొన్ని నాట్‌లు గమ్యం మారినప్పుడల్లా పోర్టునూ మార్చేస్తాయి. సర్వర్‌తో మాట్లాడేటప్పుడు ఒక పోర్టు, కొడుకుతో మాట్లాడబోతే వేరే పోర్టు. సర్వర్ చెప్పిన వివరం చేరేలోగా చెల్లకుండా పోతుంది. ఒక వైపు మాత్రమే ఇలాంటిదుంటే కొంత ఆశ ఉంటుంది, రెండు వైపులా ఉంటే దాదాపు కుదరదు. ఇక ఈ పట్టికలోని గీత ఎంతసేపు నిలవాలన్నది ఇంకో సంగతి. యూడీపీకి కనీసం రెండు నిమిషాలు ఉంచాలని 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4787 చెప్పింది. అంతకంటే ముందే చెరిపేసే చవక రౌటర్లకు మన బజారులో కొదవ లేదు. అందుకే డెస్క్‌టాప్ షేరింగ్ సాఫ్ట్‌వేర్లు తెర మీద ఏమీ కదలకపోయినా కొన్ని సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపుతూ గీతను బతికించుకుంటాయి.

అదే ఆర్‌ఎఫ్‌సీ ఇంకో మాట కూడా చెప్పింది. ఒకే నాట్ వెనక ఉన్న రెండు యంత్రాలు ఒకదాన్నొకటి బహిరంగ చిరునామాతో పిలిచినా కలపగలగాలి. ఇది ఊళ్లలోనే ఎక్కువగా అవసరపడుతుంది. ఇల్లూ దుకాణమూ ఒకే కేబుల్ ఆపరేటర్ దగ్గర ఉన్నప్పుడు, దుకాణంలోని బిల్లింగ్ కంప్యూటర్‌ను ఇంటి నుంచి చూడాలంటే రెండూ ఒకే సీజీనాట్ వెనక ఉంటాయి. ఈ సౌకర్యం లేకపోతే బస్టాండ్ దగ్గరి దుకాణానికీ గుడి వీధిలోని ఇంటికీ మధ్య నడవాల్సిన డేటా ఏ ముంబైకో సింగపూర్‌కో వెళ్లి తిరిగి వస్తుంది.

నేరుగా కలవలేనప్పుడు దిక్కు రిలే సర్వర్. ఇద్దరూ దాన్నే పిలుస్తారు, అది ఇటు సరుకు అటు, అటు సరుకు ఇటు చేరవేస్తుంది. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ అన్నీ ముందు నేరుగా ప్రయత్నించి, కాకపోతే రిలే పట్టుకునేవే. దీనివల్ల పని ఆగదు, అది నిజం. ఖర్చు ఎక్కడ పడుతుందో చూద్దాం. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు నడుస్తుంది. మంథనికీ హైదరాబాద్‌కూ మధ్య రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు, అంటే పోను ఒక మిల్లీసెకను, రాను ఒక మిల్లీసెకను. రిలే సింగపూర్‌లో ఉంటే హైదరాబాద్ నుంచి అక్కడికి సూటిగా 3,300 కిలోమీటర్లు. కొడుకు ఒక అక్షరం నొక్కితే అది సింగపూర్ వెళ్లి మంథని రావాలి, మారిన తెర మళ్లీ సింగపూర్ మీదుగా హైదరాబాద్ చేరాలి. నాలుగు సార్లు ఆ దూరం, దాదాపు 13,200 కిలోమీటర్లు, వెలుగు వేగంతోనే 66 మిల్లీసెకన్లు. తీగలు సూటిగా వెళ్లవు, మధ్యలో రౌటర్ల దగ్గర ఆగడాలుంటాయి, ఉచిత రిలేల దగ్గర రద్దీ ఉంటుంది. నేరుగా కలిసినా డేటా ఊరికి ఊరు నడవదు, ఆపరేటర్లు కలుసుకునే చోటి దాకా వెళ్లి రావాల్సిందే, కాబట్టి రెండు మిల్లీసెకన్లు ఎవరికీ దక్కవు. అయినా తేడా చేతికి తెలిసేంత ఉంటుంది.

ఆలస్యం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పరాధీనత. అంతటా సంకేతీకరణ సరిగా ఉంటే రిలేవాడికి తెర మీది బొమ్మ కనబడదు. కానీ ఎవరు ఎవరి కంప్యూటర్‌ను ఎప్పుడు, ఎంతసేపు తెరిచారో కనబడుతుంది. ఆ కంపెనీ ధర పెంచినా, ఉచితంగా వాడుకునేవాళ్లకు వేగం తగ్గించినా, మన దేశంలో సేవ ఆపినా తండ్రీకొడుకుల మధ్య తీగ తెగుతుంది. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ సంస్థ తన సర్వర్ వ్యవస్థల్లోకి చొరబాటు జరిగిందని ప్రకటించింది. భద్రతా సర్టిఫికెట్లు రద్దు చేసి కొత్తవి ఇచ్చింది, తన వెబ్ పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ మార్పించింది. ఆ సంస్థ బాధ్యతగానే నడుచుకుంది. అయినా ఒక్క చోట జరిగిన చొరబాటుకు లోకమంతా ఉలిక్కిపడాల్సి వచ్చింది. చేరవేత అంతా కొద్ది చేతుల మీదుగా సాగితే ఎక్కడైనా ఇలాగే ఉంటుంది.

ఇంతవరకూ ఒక వైపు. రెండో వైపు కూడా బలమైనదే, దాన్ని తీసిపారేసేవాళ్లు చిన్న ఊళ్లో ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడమంటే ఏమిటో చూసి ఉండరు. 2019 నుంచి ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో కొత్తగా వచ్చే సంస్థకు దక్కే ఐపీవీ4 చిరునామాలు గరిష్ఠంగా 512. అంతకు మించి కావాలంటే బజారులో కొనాలి. 2021, 2022 ప్రాంతంలో ఒక్కో చిరునామా ధర 50 డాలర్ల దాకా ఎగబాకింది. అమెజాన్ క్లౌడ్ వంటి పెద్ద సంస్థ కూడా 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో బహిరంగ ఐపీవీ4 చిరునామాకు గంటకు అర సెంటు వసూలు చేస్తోంది, ఏడాదికి దాదాపు 44 డాలర్లు. నెలకు మూడు నాలుగు వందలు కట్టే కుటుంబానికి చిన్న ఆపరేటర్ విడిగా ఒక చిరునామా ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడు?

సీజీనాట్‌తో లెక్క మారుతుంది. ఒక్కో చిరునామాకు 65,536 పోర్టులు. మొదటి 1,024 పక్కన పెడితే మిగిలేవి 64,512. ఒక్కో ఇంటికి వెయ్యి చొప్పున ఇస్తే ఒక్క చిరునామా మీద 64 ఇళ్లు. 512 చిరునామాలతో 32 వేలకు పైగా ఇళ్లకు ఇంటర్నెట్ వెలుగుతుంది. మంథని పట్టణం, చుట్టుపక్కల పల్లెలు అందులో హాయిగా ఇమిడిపోతాయి. గమ్యం మారినప్పుడల్లా పోర్టు మార్చే పద్ధతిని కొందరు ఎంచుకునేది కూడా ఈ పొదుపు కోసమే. ఒకే పోర్టును ఒకేసారి వేర్వేరు గమ్యాలకు వాడుకుంటే ఇంకా ఎక్కువ ఇళ్లు పడతాయి. నాట్ లేకపోతే అడవి శ్రీరాంపూర్‌లో ఇంటింటికీ ఇంటర్నెట్ అన్న మాటే ఐపీవీ4 మీద వచ్చేది కాదు. తెర పంచుకోవడంలో తండ్రి పడే ఇబ్బందిని, అసలు కనెక్షనే లేని ఇంటి ఇబ్బందితో తూచినప్పుడు రెండోదే బరువు. దీన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

రక్షణ వైపు నుంచి కూడా చెప్పాల్సింది ఉంది. 2019 మే 14న మైక్రోసాఫ్ట్ తన రిమోట్ డెస్క్‌టాప్ సేవలో ఘోరమైన లోపం ఉందని ప్రకటించింది. దాన్నే బ్లూకీప్ అన్నారు. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా, 3389 పోర్టు కనబడితే చాలు, బయటివాడు కంప్యూటర్‌ను చేజిక్కించుకోగల లోపం. ఎప్పుడో మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ఆ రోజు మరమ్మతు విడుదల చేశారంటే తీవ్రత అర్థమవుతుంది. ఆ నెలలోనే జరిగిన ఒక గాలింపులో ఇంటర్నెట్‌కు నేరుగా కనబడుతూ ఈ లోపం ఉన్న యంత్రాలు దాదాపు 9.5 లక్షలు తేలాయి. మన జిరాక్స్ సెంటర్లలో, డీటీపీ దుకాణాల్లో, వకీళ్ల గుమాస్తాల బల్లల మీద అప్పటికీ ఎక్స్‌పీ, విండోస్ 7 నడుస్తూనే ఉన్నాయి. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో పనిచేయదని మార్చనివాళ్లు ఎందరో. ఆ యంత్రాలు ఆ లక్షల జాబితాలోకి ఎక్కకపోవడానికి కారణం వాటి యజమానుల జాగ్రత్త కాదు. నాట్ వెనక ఉండడం వల్ల వాటి 3389 బయటివాళ్లకు కనబడలేదు, అంతే. అడగకుండా, తెలియకుండా దొరికిన కాపలా అది.

అయితే ఆ కాపలా ఎంతవరకు పనికొస్తుందో కూడా నిజాయితీగా చూడాలి. అదే 2019లో, ఫిబ్రవరిలో, రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. మోసగాళ్లు బ్యాంకు మనుషులమని ఫోన్ చేసి, ఎనీడెస్క్ యాప్ వేయించి, తెర మీద వచ్చిన తొమ్మిదంకెల నంబరు చెప్పించుకుని, ఫోన్‌ను తమ అధీనంలోకి తెచ్చుకుని డబ్బు కాజేస్తున్నారని ఆ హెచ్చరిక సారాంశం. కొడుకు అడిగే తొమ్మిదంకెలే దొంగ కూడా అడుగుతున్నాడు. నాట్‌కు ఈ ఇద్దరి మధ్య తేడా తెలియదు, తెలిసే వీలూ లేదు. పిలుపు లోపలి నుంచే బయటికి వెళ్లింది కాబట్టి ఇద్దరినీ ఒకేలా పోనిస్తుంది. పైగా దొంగకు ఆలస్యంతో పట్టింపు లేదు, రిలే మీద తెర మసకగా కదిలినా అతని పని అయిపోతుంది. బ్లూకీప్ లాంటి దాడిని ఆపిన ఏర్పాటు ఈ మోసానికి అసలు ఎదురే రాలేదు. మన ఊళ్లలో పెద్దవాళ్ల డబ్బు పోతున్నది ఎక్కువగా ఏ దారిలోనో సైబర్ మోసాల 1930 నంబరుకు ఫిర్యాదు చేసినవాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఇక్కడ ఒక విడదీత అవసరం. పిలవని ప్యాకెట్‌ను లోపలికి రానివ్వకపోవడం అనే గుణం నాట్‌కు యాదృచ్ఛికంగా అబ్బింది. పట్టికలో లేనిది ఎవరికి ఇవ్వాలో తెలియక వదిలేస్తుంది. ఆ గుణమే కావాలంటే చిరునామా మార్చకుండానే ఫైర్‌వాల్ ఆ పని చేయగలదు. ఏ పిలుపు లోపలి నుంచి వెళ్లిందో గుర్తుపెట్టుకుని, దాని జవాబును మాత్రమే రానిస్తుంది. 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4864 ఈ మాటే వివరంగా చెప్పింది. నాట్ వల్ల కలుగుతాయనుకునే మేళ్లను నాట్ లేకుండానే ఎలా పొందవచ్చో ఒక్కొక్కటిగా చూపించింది. కాబట్టి రక్షణ కోసం నాట్ ఉండాలన్న వాదనకు నేను సగమే మొగ్గుతాను. మన ఇళ్లలో నాట్ రక్షణ ఇచ్చింది నిజం, ఇంకొకటి ఇవ్వలేని రక్షణ ఇచ్చిందన్నది మాత్రం నిజం కాదు.

నాట్ పోలీసులకు చేసే ఇబ్బందిని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒక నేరం ఫలానా చిరునామా నుంచి జరిగిందంటే, సీజీనాట్ వెనక అది 64 ఇళ్లలో ఏదైనా కావచ్చు. పోర్టు నంబరు, సెకన్లతో సహా సమయం తెలిస్తే తప్ప మనిషి తేలడు. అందుకే చిరునామా మార్పిడి లాగ్‌లు దాచాలని సర్వీసు కంపెనీలకు లైసెన్సు నిబంధన ఉంది. ఆ దాచే ఖర్చు చిన్న ఆపరేటర్ మీద పడుతుంది. దాచిన దాంట్లో మనం ఎప్పుడు ఎవరితో కలిశామన్న చరిత్ర ఉంటుంది. చవకగా దొరికిన చిరునామాకు ఇది కనబడని వెల.

ఐపీవీ4 స్థానంలో కొత్త చిరునామా పద్ధతి ఐపీవీ6 వస్తే అన్నీ తీరిపోతాయని కొందరంటారు. మన దేశం ఈ విషయంలో వెనకబడి లేదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినప్పటి నుంచే ఫోన్లలో ఐపీవీ6 పాకింది. గూగుల్ లెక్కల ప్రకారం ఈ దేశం నుంచి తనను చేరుతున్నవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా ఐపీవీ6 మీదే వస్తున్నారు. చిరునామాల కరువు అక్కడ లేదు, ఇంట్లోని ప్రతి యంత్రానికీ లోకమంతా గుర్తుపట్టే చిరునామా ఇవ్వొచ్చు. కానీ చిరునామా ఉన్నంత మాత్రాన తలుపు తెరిచి ఉండదు, ఉండకూడదు కూడా. ఇంటి రౌటర్ పిలవని రాకపోకలను ముందుగానే ఆపి ఉంచాలని 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6092 సూచించింది. అలా ఆపినా తండ్రీకొడుకుల కంప్యూటర్లు కలవడం ఎంతో సులువవుతుంది. ఇద్దరూ ఒకేసారి ఎదుటివారికి ప్యాకెట్ పంపుకుంటే చాలు. మధ్యలో చిరునామా మారదు, పోర్టు మారదు, కాబట్టి సర్వర్ చెప్పిన వివరం చివరిదాకా చెల్లుతుంది. పోర్టు మార్చే నాట్ దగ్గర ఓడిపోయిన ఉపాయం ఇక్కడ నమ్మకంగా పారుతుంది. ఒక చిక్కు ఉంది, రెండు కొనలకూ ఐపీవీ6 ఉండాలి. కొడుకు ఫ్లాటుకు ఉండి తండ్రి కేబుల్ కనెక్షన్‌కు లేకపోతే మళ్లీ రిలేయే గతి. ఫోన్ హాట్‌స్పాట్ మీద క్షణంలో కలిసిన తెర ఇంటి కనెక్షన్ మీద ఈడ్చుకుంటూ రావడానికి చాలాచోట్ల ఇదే కారణం. ఇంట్లో వైరు ఉండగా ఫోన్‌తో ఎందుకు బాగుంటుందో పెద్దవాళ్లకు అంతుపట్టదు.

సొంత రిలే పెట్టుకోవడం ఇంకో దారి. రస్ట్‌డెస్క్ వంటి బహిరంగ సాఫ్ట్‌వేర్‌తో చవక క్లౌడ్ యంత్రం ఒకటి అద్దెకు తీసుకుని, ముంబైలోనో హైదరాబాద్‌లోనో, సొంత సర్వర్ నడుపుకోవచ్చు. ఊళ్లో పది మంది కంప్యూటర్లు చూసిపెట్టే యువకుడికి ఇది చాలా మంచి ఏర్పాటు. చరిత్ర వేరేవాళ్ల చేతిలో ఉండదు, దూరమూ తగ్గుతుంది. అదే సర్వర్‌ను అతను తన ఇంట్లోని పాత కంప్యూటర్ మీద, కరెంటు ఖర్చు తప్ప ఇంకేమీ లేకుండా, నడపగలిగి ఉండాల్సింది. సీజీనాట్ వెనక అది కుదరదు. ఈ నష్టం ఏ లెక్కలోనూ కనబడదు. సెంటినరీ కాలనీలో చదివే పిల్లవాడు తరగతిలో సర్వర్ గురించి నేర్చుకుంటాడు, ఇంటికొచ్చి తన సర్వర్‌ను బయటి లోకానికి చూపించలేడు. వీడియో చూడగలడు, దరఖాస్తు నింపగలడు, పిలవగలడు. అతన్ని మాత్రం ఎవరూ పిలవలేరు. తెర పంచుకోవడంలో కాస్త ఆలస్యం కంటే నాకు ఇది పెద్ద లోటుగా కనబడుతుంది. ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లు, తీసుకునేవాళ్లు అని రెండు వర్గాలు ఏర్పడితే చిన్న ఊరు ఎప్పుడూ రెండో వర్గంలోనే మిగిలిపోతుంది.

అన్నీ తూచి చూస్తే ఇంటి రౌటర్‌లోని నాట్‌తో నాకు పేచీ లేదు. అది మన చేతిలో ఉంది, పాత యంత్రాలను కాపాడింది, అవసరమైతే ఒక పోర్టు తెరుచుకోనిస్తుంది. కంపెనీ దగ్గరి నాట్‌ను ఐపీవీ4 ఉన్నన్నాళ్లూ భరించక తప్పదు, కానీ రెండు షరతుల మీద. అది ఆర్‌ఎఫ్‌సీ 4787 చెప్పినట్టు ఒక కంప్యూటర్‌కు ఇచ్చిన పోర్టును గమ్యం మారినా మార్చకుండా ఉంచాలి. సీజీనాట్‌ల కోసమే 2013లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6888 కూడా అదే కోరుతోంది, దాన్ని అమర్చడం ఆపరేటర్ చేతిలో పనే. రెండోది, పక్కనే ఐపీవీ6 ఉండాలి, ముందుగా మూసి ఉన్న ఫైర్‌వాల్‌తో, ఇంటివాళ్లు కోరితే తెరుచుకునేలా. పోర్టుల పొదుపు వల్ల కొన్ని ఇళ్లు ఎక్కువ పడతాయన్న వాదనకు ఇక్కడే జవాబుంది. వీడియోల బరువంతా ఐపీవీ6 మీదికి మళ్లితే ఐపీవీ4 పోర్టుల మీద ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది.

ఇది కొత్త కోరిక కూడా కాదు. 2022 డిసెంబర్ 31 తర్వాత ఇచ్చే ప్రతి కొత్త వైరు కనెక్షనూ ఐపీవీ6ను మోయగలగాలని టెలికాం శాఖ 2021 నవంబర్‌లోనే గడువు పెట్టింది. కాబట్టి మీ ఇంటి రౌటర్ పేజీలో బయటి చిరునామా ఏముందో ఒకసారి చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. తర్వాత కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసి ఐపీవీ6 ఇస్తున్నారా అని అడగండి. ఇస్తున్నా రౌటర్‌లో అది ఆపేసి ఉండడం మామూలే, వచ్చే మనిషి చేత ఆన్ చేయించండి, ఫైర్‌వాల్ మూసే ఉంచమనండి. ఇక బాపుకు తొమ్మిదంకెలు చెప్పడం నేర్పేటప్పుడే, ఆ అంకెలు ఫోన్‌లో గొంతు గుర్తుపట్టిన కొడుక్కో కోడలికో తప్ప ఇంకెవరికీ చెప్పొద్దని, బ్యాంకు నుంచి అని వస్తే ఫోన్ పెట్టేసి తిరిగి ఇంటివాళ్లకే చేయమని కూడా నేర్పండి. ఆ పని ఏ రౌటరూ చేయదు.